బూటు కాలు

“ఎవరు కొట్టారే నిన్ను?”

మేనకోడలి గౌను కింద పిక్కల నిండా ఎర్రగా, నల్లగా కమిలిన మచ్చలు. ఏడేళ్ల పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. జవాబు చెప్పే ఓపిక దానికెక్కడిది?

మేనమామకు జవాబుతో పని కూడా లేదు. వెల్డింగ్ షాపు నుంచి తిన్నగా వచ్చాడు. కాళ్లకు ఇనుప ముక్కు బూట్లు అలాగే ఉన్నాయి. అక్క పోయిన ఏడాదికే బావ కట్టుకొచ్చిన ఈ పరాయిదాని మీద అతనికి మొదటి రోజు నుంచీ అనుమానమే.

“తమ్ముడూ, ఆటో పిలిచాను. ముందు దీన్ని ఆస్పత్రికి...” అంటూ చెప్పుల కోసం వంగింది ఆమె.

“ఎవడే నీకు తమ్ముడు?”

జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది.

“నేను చెయ్యెత్తలేదు... పొద్దున్నుంచీ అవి వాటంతటవే...”

“వాటంతటవే వచ్చాయా? నా చెవిలో పువ్వులు పెడతావా?”

కింద పడ్డ మనిషిని నడుం మీద తన్నాడు. ఒకసారి కాదు. ఆమె అరవడం మానేసినా తన్నాడు. పక్కింటివాళ్లు నలుగురొచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు మహానుభావుడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల కాళ్లు చూసింది.

“ఇవి దెబ్బలు కావు. రక్తనాళాలు వాచే జబ్బు. పిల్లలకొస్తుంది. మచ్చలు వాటంతటవే తేలతాయి. కడుపునొప్పీ దానిదే. చాలామందికి తగ్గిపోతుంది. కొందరికి కిడ్నీలకు పాకుతుంది.”

కింది అంతస్తులో బావ రెండో భార్యకేదో ఆపరేషన్ చేస్తున్నారని మేనమామ విన్నాడు. ఏం ఆపరేషనని అడగడానికి మొహం చెల్లలేదు. తర్వాతైనా వెళ్లి క్షమించమన్నాడా అంటే, అదీ లేదు. ఆ గడప తొక్కడమే మానేశాడు.

పిల్లకు మచ్చలు పోయాయి. జబ్బు పోలేదు. మూడేళ్లు తిరిగేసరికి రెండు కిడ్నీలూ మూలపడ్డాయి. రక్తం శుభ్రం చేసే మిషను దగ్గర చేతికి లావుపాటి సూదులు పొడిచినప్పుడల్లా వార్డు అదిరేలా అరిచేది.

“నాది తీసుకోండి సార్! రెండూ తీసుకోండి!” కొత్త ఆస్పత్రిలో కిడ్నీ డాక్టరు ముందు గుండెలు బాదుకున్నాడు మేనమామ.

“మీ రక్తం కుదరలేదు. వాళ్ల నాన్నకు షుగరు.”

“ఇంకెవరూ లేరా?”

“ఒకావిడ వచ్చింది, మీ బావగారికి కూడా చెప్పకుండా. అన్నీ అతికినట్టు కుదిరాయి.”

అతనికి ప్రాణం లేచొచ్చింది.

“కానీ ఆమెకున్నది ఒక్కటే కిడ్నీ. అది మేం తీయకూడదు. ఎంత చెప్పినా వినదు. ఉన్నదే తీసి పిల్లకు పెట్టమని పొద్దున్నుంచీ బయట బల్ల మీద కూర్చుంది.”

డాక్టరు ఫైలు మూశాడు.

“రెండోది ఎలా పోయిందమ్మా అంటే, ‘తమ్ముడి కాలు పొరపాటున తగిలింది’ అంటోంది. ఎవరండీ ఆ తమ్ముడు?”