మైసూరుకి అందరం

“మైసూరా? ఎవరెవరు పోయేది?” దోసె ముక్క నోటి దాకా తీసుకెళ్లినవాడు ఆగి అడిగాడు నంజప్ప.

‘నేనూ, నవ్యా’ అని చెప్పడానికి కొడుకు సుధీర్ నోరు తెరిచాడు. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకున్న మాట అది. ప్లానంతా సిద్ధం. శనివారం రంగనతిట్టులో పడవెక్కి పక్షుల్ని చూడటం, కరంజి చెరువు గట్టున నడవటం, ఆదివారం సాయంత్రం ప్యాలెస్ దీపాలు చూసి తిరిగి రావటం. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరే ఉండటం.

“అందరం మామా!” అంది కోడలు నవ్య, చట్నీ వడ్డిస్తూ.

సుధీర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అతని బాధ అతనిది మరి. పెళ్లయి రెండు నెలలు. చిక్కపేటలో కింద చీరల దుకాణం, పైన ఇల్లు. కొత్త జంటకిచ్చిన గదిలో ఒక పక్క మంచం, మిగిలిన మూడు పక్కలా ధర్మవరం చీరల కట్టలు. కింద బేరం కుదిరినప్పుడల్లా పైన తలుపు తట్టాల్సిందే. ఆ గదిలోనే గాలి బాగా వస్తుందని నంజప్ప అక్క పాపక్క మధ్యాహ్నం కునుకు అక్కడే తీస్తుంది. పీణ్యలో ఫ్యాక్టరీ నుంచి సుధీర్ వచ్చేసరికి, ఆ రోజు సీరియల్ కథ కోడలికి చెబుతూ తల్లి సుశీల మంచం మీదే కూర్చుని ఉంటుంది. పెళ్లానితో మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడుకునే యోగం ఇంతవరకు లేదు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

“నా మోకాళ్లు చూసినావు కదమ్మా, నేనెట్ల వస్తా?” అంది పాపక్క.

సుధీర్‌కి ప్రాణం లేచొచ్చింది.

“కొండ మీదికి కారే పోతుంది పెద్దత్తా. చాముండమ్మను చూడకుండా ఎట్ల?” అంది నవ్య.

“అట్లయితే వస్తాలే.”

“శనివారం దుకాణం మూసేదా? పుట్టి బుద్ధెరిగి మూసిండానా?” అన్నాడు నంజప్ప.

“అదే కదా నాయనా! గిరాకీ అంతా పక్క దుకాణానికి పోతుంది,” అన్నాడు సుధీర్ ఆత్రంగా.

“మైసూరు పట్టు నేసే చోటు కూడా చూడొచ్చు మామా,” అంది నవ్య.

నంజప్ప దోసె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. “సరే, మూసేద్దాం. లాడ్జి సంగతి నాకు వదిలేయండి.”

సుశీలను ఎవరూ అడగనేలేదు. ఆమె అప్పటికే చిత్రాన్నానికి నిమ్మకాయలు తీస్తోంది.

గదిలోకి రాగానే సుధీర్ పేలిపోయాడు. “నీకేమన్నా బుద్ధుండాదా? హనీమూనుకి అత్తామామల్ని పిలిచేదాన్ని నిన్నే చూస్తుండా!”

“సుమ్నే ఉండప్పా, అరవొద్దు.”

“ఒక్క మాట చెప్పు. నీకు నాతో ఉండాలని లేదా?”

నవ్య నవ్వు ఆపి అతని వైపు చూసింది. ఏదో చెప్పబోయింది.

టక్ టక్. తలుపవతల నంజప్ప. “అమ్మా నవ్యా, ఆ నెమలికంఠం రంగు కట్ట ఇయ్యమ్మా!”

శనివారం పొద్దున ఇన్నోవా వచ్చి వీధి మొదట్లో ఆగింది. సంచులన్నీ ఎక్కాయి. మనుషులు ఎక్కుతుండగా నవ్య లాప్‌టాప్ గుండెకు హత్తుకుని పరుగున వచ్చింది.

“ఆఫీసులో అర్జెంటు పని పడింది అత్తా! మీరు పోయి రండి.”

“అయ్యో, నిన్నొక్కదాన్నే ఇడిసిపెట్టి ఎట్ల పోయేది?” అంది సుశీల.

“సుధీరు ఉంటాడులే తోడు,” అంది పాపక్క, ముందు సీట్లో సర్దుకుంటూ. “వానికి పక్షులతో ఏం పని?”

పక్షుల ప్లాను వేసిందే తను! సుధీర్ గట్టిగా చెప్పబోయేలోపు కారు కదిలిపోయింది.

“బాగుండాది! ప్లాను నాది, ప్రయాణం వాళ్లది,” అని మెట్ల మీద కూలబడ్డాడు. “పో, నీ ఆఫీసు పని చూసుకో.”

నవ్య వీధి తలుపు మూసి గడియ పెట్టింది. “ఏ ఆఫీసు? శనివారం మాకు సెలవు కదా.”

“మరి...”

“మైసూరు పోతే లాడ్జిలో అందరికీ ఒక్కటే గది. ఇక్కడుంటే ఇల్లంతా మనదే! దుకాణం బీగం వేసిండాది, కట్ట ఇయ్యమని తలుపు తట్టేవాళ్లెవరు చెప్పు? సాయంత్రం లాల్‌బాగ్‌లో నడుద్దాం. ఆ తరువాత గాంధీబజార్లో దోసె, మల్లెపూలు. పక్షులు అక్కడా ఉంటాయి.”

సుధీర్‌కి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక అతని సంతోషానికి హద్దు లేదు.

“అబ్బా, ఎంత కంత్రీవే నువ్వు!”

పగలబడి నవ్వుకున్నారు. రెండు గంటలు తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నాక నవ్య మొహం చిన్నబోయింది. “పాపం, పెద్దవాళ్లను ఏమార్చి పంపినాం. అత్తకు తెలిస్తే మొహం ఎట్ల చూపించేది? నాకు బేజారుగా ఉండాది.”

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సుశీల! నవ్య స్పీకరు పెట్టింది.

“మద్దూరులో వడ తింటుండామమ్మా. ఇదో, మీ పెద్దత్త మాట్లాడుతుందంట.”

“ఏమ్మా నవ్యా,” పాపక్క గొంతు ఖంగుమంది. “ఆఫీసు పని ఎంతవరకు వచ్చె?”

“చే... చేస్తుండా పెద్దత్తా. తొందరగా అయిపోతే మేమూ బస్సెక్కి వచ్చేస్తాం,” అంది నవ్య తడబడుతూ.

అవతల ముగ్గురూ ఒక్కసారిగా నవ్వారు.

“వచ్చి యాడ పండుకుంటారమ్మా, మొన్న మీ మామ రూము బుక్ చేసిందే మా ముగ్గురికి!”