ఇంకో ఏడు ఐదులోనే

"ఫెయిలంటే ఎట్ల టీచరమ్మా? గురుకులంల సీటొచ్చిన పిల్ల!" పూలమ్మ టీచరు బల్ల ముందుకొచ్చింది. "ఇయ్యాల్నే ఆఖరు దినం. టీసీ ఇయ్యకుంటే సీటు ఇంకొకలకు పోతది."

సుగుణమణి టీచరు తలెత్తలేదు. "సీటొస్తే సదువొచ్చినట్టేనా? లెక్కల్ల ఇంకా కచ్చగనే ఉన్నది, ఏం రాదు. ఇంకో ఏడు ఐదులనే ఉండాలె."

"పోయినేడు గూడ గిదే మాటంటిరి!"

గుమ్మం దగ్గర నిలబడ్డ పూలమ్మ కూతురు సంధ్యారాణిని పిలిచి, బోర్డు మీద ఓ పెద్ద భాగహారం వేసింది టీచరు. పిల్ల చకచకా చేసి పారేసింది. తప్పు పట్టడానికి ఆవగింజంత సందు దొరకలేదు.

"రాత జూడు, కోడి గెలికినట్టు" అంది టీచరు. అంటుంటేనే తనమీద తనకు అసహ్యం వేసింది.

ఆ బడి కట్టింది ఆమె తండ్రి యేసయ్య, ఆయనతో పాటు గనిలో బొగ్గు నింపిన నలుగురు చర్చి మనుషులు. తమ పిల్లల్ని ఇంకో బళ్లో వెనక కూర్చోబెట్టి, కావాలని ఫెయిల్ చేస్తుంటే కడుపు మండిపోయి, డ్యూటీ దిగిన ఒళ్లునొప్పులతోనే ఇటుకలు మోశారు. తర్వాత పోశమ్మకు మొక్కే ఇళ్ల పిల్లలూ వచ్చి చేరారు. గనికి లాగే బడికీ షిఫ్టులు పెట్టాల్సి వచ్చింది. అదంతా ఒకప్పటి వైభోగం. ఇప్పుడు నేల తవ్వుకుంటూ వచ్చే ఓపెన్‌కాస్టు గని బడి ప్రహరీ దాకా వచ్చింది, బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా పెంకులు రాలిపడుతున్నాయి.

"అందరి పిల్లలకు టీసీలిచ్చి సాగనంపిండ్రు." పూలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మేం చర్చికి రామనే గదా, నా బిడ్డనే తొక్కుతున్నరు?"

ఆ మాట టీచరు గుండెలో గుచ్చుకుంది. అయినా కాదనలేదు. కాదంటే అసలు కారణం చెప్పాల్సి వస్తుంది.

"నా బిడ్డ ఉసురు మీకు తగుల్తది" అని పూలమ్మ ఏడుస్తూ వెళ్లిపోయింది. సంధ్యారాణి పోయి తన బెంచీలో కూర్చుంది.

ఇంతలో ఫోను మోగింది. చర్చి పెద్ద జాన్ ప్రసాద్.

"అక్కా, గని ఆఫీసోళ్లు జల్ది వస్తున్నరు బడి చూడనీకి. బడి నడుస్తలేదంటే రేపే మిషన్లు దింపుతరట. యేసయ్య కాక కట్టిన గోడ ఒక్కటి మిగలది. నడుస్తుందని చెప్పాల్నా?"

"నడుస్తుందని చెప్పు తమ్మీ."

సుగుణమణి కళ్లద్దాలు తుడుచుకుని, గంట కొట్టి, తరగతిలోకి నడిచింది.

ఆ బడిలో మిగిలింది సంధ్యారాణి ఒక్కతే.