నాలుగు వందల కిలోమీటర్ల ఉయ్యాల

చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కేది చెల్లెలు, వెనక నిలబడి తోసేది అక్క. ఇప్పుడూ అంతే. చెల్లెలు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున అంతరిక్ష కేంద్రంలో తిరుగుతోంది. ఆ కేంద్రం రోజూ కాస్త కాస్త కిందికి జారుతుంటుంది. ఎప్పుడు ఇంజన్ మండించి పైకి తోయాలో కంప్యూటర్‌లో ఉత్తుత్తి కేంద్రాన్ని నడిపి చూడడం అక్క ఉద్యోగం.

ఆ రాత్రి ఆఫీసు గదిలో అక్క ఒక్కతే ఉంది. టీవీలో చెల్లెలి నవ్వు చూసొచ్చిందేమో, కళ్లలో నిప్పులు పోసుకున్నట్టుంది.

"ఉత్తుత్తి కేంద్రమేగా!" అనుకుని, పైకి తోసే ఇంజన్ తీసేసి లెక్క నడిపింది. తెర మీద ఎత్తు మూడు వందలకు పడింది. రెండు వందలకు పడింది. కడుపులో మంట కాస్త చల్లారింది.

అప్పుడు బల్ల మీది హెడ్‌ఫోన్లలో ఉయ్యాల గొలుసు కిర్రుమంది. వాటి వైరు దేనికీ తగిలించి లేదు. మళ్లీ కిర్రుమంది. చెవికి ఆనించుకుంది.

"అక్కా, ఆగిపోతోందే. ఒక్కసారి తొయ్యవే!"

చెల్లెలి గొంతే. ఆరేళ్లప్పటిది.

తెర మీద నూట యాభై. తలెత్తి చూస్తే, అసలు కేంద్రం ఎత్తు చూపించే గోడ మీది తెరలోనూ అదే అంకె. అత్యవసర ఫోను చేతికందే దూరంలోనే ఉంది.

అక్క చేతులు కట్టుకుంది.

"దిగవే," అంది మెల్లగా. "ఇక నా వంతు."