అర అంగుళం

"కళ్ళు మూసుకున్నాను నాన్నా. నువ్వే నొక్కి, వచ్చిన అంకె చదువు," అంది కూతురు, ల్యాప్‌టాప్‌ను కత్తిరింపుల బల్ల మీదికి జరిపి.

దర్జీ ఇస్త్రీపెట్టె వదల్లేదు. సాయంత్రానికి ఇవ్వాల్సిన కోటుకు చేతి పొడవు అర అంగుళం తక్కువైంది. ఆవిరి పట్టి సాగదీస్తున్నాడు.

"నవల చేతికొస్తే చివరి పేజీ ముందు చదివేదానివి. మూడేళ్ళు ఈ జవాబు చూడకుండా ఎలా ఉన్నావే?"

"ముందే చూస్తే మనసు లెక్కల్ని తనకు కావలసినట్టు తిప్పుకుంటుంది. పద్ధతి ఖాయం చేశాకే చూడాలి."

కూతురు పరిశోధిస్తున్న గెలాక్సీలో నక్షత్రాలు కుప్పలుతెప్పలుగా పుడతాయట, పేలిపోతాయట. ఆ పేలుళ్ళు విసిరిన కణాలు చుట్టూ ఉన్న వాయువును ఢీకొంటే గామా కిరణాలు రావాలట. అవి నిజంగా వచ్చాయని, కాకతాళీయం కాదని గట్టిగా చెప్పాలంటే లెక్కలో తేలే అంకె ఐదు దాటాలట.

ఆయన ఎడమచేత్తో నొక్కాడు. "నాలుగు పాయింటు ఎనిమిది."

కూతురు కళ్ళు తెరిచింది. "అయితే ఇంకో రెండేళ్ళు ఆ గెలాక్సీని గమనించాలి."

"ఇంత దగ్గరికొచ్చాకా? అటూ ఇటూ కాస్త లాగితే ఐదవదా?"

"ఎందుకవదు? కానీ అప్పుడది గెలాక్సీ పంపింది కాదు నాన్నా, నేను లాగింది."

దర్జీ చూపు చేతిలోని కోటు మీద పడింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బ్లేడుతో చేతి మడత కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"అదేంటి, సాయంత్రం ఇవ్వకపోతే కోటు కుట్టించుకున్నాయన గొడవకొస్తాడన్నావుగా?"

"రానీ. గెలాక్సీ కోసం నువ్వు రెండేళ్ళు ఆగుతుంటే, కోటు కోసం ఆయన రెండ్రోజులు ఆగలేడూ?"