వారానికో అమ్మ

ఆదివారం సాయంత్రం నాలుగింటికి బాబీకి అమ్మ మారుతుంది.

పాత అమ్మ సంతకం పెట్టి బాబీని అప్పగిస్తుంది. కొత్త అమ్మ బరువు తూచి, సంతకం పెట్టి అందుకుంటుంది. బాబీ కొత్త మొహాన్ని ఒకసారి పరీక్షగా చూసి, ఈ వారం ఈవిడన్నమాట అన్నట్టు నిట్టూరుస్తాడు.

అది 1936. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ కాలేజీలో గృహవిజ్ఞానం చదివే అమ్మాయిలు పాసవ్వాలంటే ఒక టర్మ్ ఈ ఇంట్లో ఉండి, నిజం బిడ్డని పెంచి చూపించాలి. బిడ్డని అనాథాశ్రమం అరువిస్తుంది. ఆరుగురు అమ్మాయిలు. వారానికొకరు అమ్మ.

"రక్తం లేదు, గిక్తం లేదు. అంతా పెంపకమే," అనేది ప్రొఫెసర్ మిస్ హాథవే.

రుజువులు కూడా దొరికాయి. బాబీ వరసగా రెండు తుమ్ములు తుమ్ముతాడు, ఆరుగురిలో ఒకరైన ఇమోజెన్ లాగే. చెంప కింద పిడికిలి పెట్టుకుని నిద్రపోతాడు, అచ్చం హేజెల్ లాగే. మిస్ హాథవే ఇవన్నీ తన పరిశోధన వ్యాసంలో రాసుకుంది.

వెర్నా నుంచి మాత్రం ఏమీ అబ్బలేదు.

వెర్నా మొదట్లో వృక్షశాస్త్రం చదివేది. కిందటి టర్మ్ జబ్బు చేసి పిన్ని ఊళ్లో ఉండిపోయింది. జనవరిలో తిరిగొచ్చి, పట్టుబట్టి ఇందులో చేరింది.

"మొక్కలే నయం కదే, ఏడవవు," అని హేజెల్ ఏడిపించేది.

పాలు పది గంటలకీ, రెండింటికీ, ఆరింటికీ. మధ్యలో ఏడిస్తే ఊపిరితిత్తులకి వ్యాయామం. ఎత్తుకోకూడదు. వెర్నా ఎత్తుకునేది. ఎత్తుకున్న ప్రతిసారీ రెండు మార్కులు పోయేవి.

"ఒక్కటి చెప్తాను విను. నువ్వు పిల్లల్ని కనకు," అంది మిస్ హాథవే.

మే నెల వచ్చింది. టర్మ్ అయిపోయేలోగా ఎవరూ పెంచుకోకపోతే బాబీ మళ్లీ ఆశ్రమానికే. అక్కడ నలభై తొట్టెలు, ఇద్దరు ఆయాలు. ఇప్పటికే రెండు జంటలు వచ్చి చూసి వెళ్లిపోయాయి.

ఆఖరి శనివారం క్లాసెన్ దంపతులు వచ్చారు. ఆయనకి ఇనుప సామాన్ల కొట్టు ఉంది. ఆవిడకి బాబీని చూడగానే కళ్లు చెమర్చాయి.

"ఏమండీ, ఆ ముక్కు చూడండి. అచ్చం మీదే!"

"నా ముక్కా? పాపం," అన్నాడాయన.

అంతా నవ్వారు. ఆవిడ ముద్దుగా బాబీ ఎడమ కాలి సాక్సు లాగింది. నవ్వు ఆగిపోయింది.

చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుని ఉంది.

"ఇదేంటమ్మా?" అందావిడ.

మిస్ హాథవే అమ్మలవైపు చూసింది. అమ్మలు పైకప్పు వైపు చూశారు. అందరూ ఆ వేలిని ఎప్పుడో చూశారు. ఇంకో అమ్మ చేతిలో ఇలా అయి ఉంటుందని ఎవరికి వారు అనుకున్నారు. మార్కులు పోతాయని ఎవరూ నోరు విప్పలేదు.

క్లాసెన్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "రక్తంలో వచ్చిందే అయ్యుంటుంది, మార్తా. ఇవాళ వేలు. రేపు ఇంకేం బయటపడుతుందో! కన్నవాళ్లెవరో ఏమిటో."

"అదేం కాదండీ," అంది మిస్ హాథవే. పెంపకం తప్పంటే ఈ ఇంటి పరువు పోతుంది. కాదంటే వ్యాసం పోతుంది.

క్లాసెన్ తలుపుదాకా వెళ్లాడు.

"తప్పు నాదే," అంది వెర్నా.

అందరూ అటు తిరిగారు.

"నా వారాల్లో సాక్సులు మరీ బిగుతుగా తొడిగాను. వేలు అలా మడతపడిపోయింది. రక్తంలోది కాదండీ."

"నిజమే మేడమ్!" అంది హేజెల్ ఉత్సాహంగా. "దీనికి సాక్సుల పిచ్చి. తన కాళ్లవి నిద్రలో కూడా విప్పదు."

మిస్ హాథవేకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా? చెడినా పెంపకమే, బాగుపడినా పెంపకమే! ఓ గుడ్డపీలిక చుట్టి ఉంచండి, సర్దుకుంటుంది." ఆ తర్వాత వెర్నావైపు తిరిగింది. "నీకు సున్నా. ఫెయిల్. సోమవారంలోగా ఇల్లు ఖాళీ చెయ్."

క్లాసెన్ టోపీ మళ్లీ కొక్కేనికి తగిలించాడు.

ఆ వారం అమ్మ ఇమోజెన్ కాబట్టి, సంతకం పెట్టి బాబీని అప్పగించింది ఇమోజెనే. బాబీ మిసెస్ క్లాసెన్ మొహాన్ని పరీక్షగా చూసి నిట్టూర్చాడు. వెర్నా తలుపు పట్టుకుని నిలబడింది.

"వదులైనవి అల్లుతాలే, ఇవి నువ్వే ఉంచుకో," అని మిసెస్ క్లాసెన్ ఆ చిన్న సాక్సులు రెండూ వెర్నా చేతిలో పెట్టింది.

కారు మలుపు తిరిగేదాకా చూసి, వెర్నా గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. మంచం మీద కూర్చుంది. ఎడమ కాలి బూటు విప్పింది. సాక్సు విప్పింది.

చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుని ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టే.