ఒకేలాంటి పురుగులు

తమ తోటలో మామిడి చెట్టు కింద దొరికిన పురుగును వెంకటరావమ్మ పచ్చడి సీసాలో వేసి మూత బిగించింది.

బొటనవేలంత పురుగు. దాని మీసాలు దానికంటే పొడుగు.

పురుగుమందుల కొట్టాయన దాని ఫొటో చూసి తేల్చేశాడు.

"ఇది మాను తొలిచే పురుగమ్మా. మందుకు లొంగదు. నలభై చెట్లూ కొట్టించెయ్యండి. లేకపోతే పక్క తోటలకీ పాకుతుంది."

సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. పురుగు మాత్రం సీసాలోనే ఉంది.

పక్క తోట వీరాంజనేయులు గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"మా చెట్లకి పట్టిందంటే ఊరుకోను వదినా."

రెండ్రోజులకి ఒక ముసలాయన ప్రత్తిపాడులో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ తోటకొచ్చాడు. చెట్టుచెట్టూ తిరిగి చూశాడు. ఆ తర్వాత సంచిలోంచి రెండు సీసాలు తీశాడు. రెండింట్లోనూ పురుగులే.

పత్తీ మిర్చీ పండే చోట, సీసాలో పురుగుతో వచ్చినవాడు మందు అమ్మకుండా వెళ్లిన దాఖలా లేదు.

"ఏ కంపెనీ?" అంది వెంకటరావమ్మ.

"ఏ కంపెనీ కాదమ్మా. నా పేరు అలీ సాహెబ్. రైతుల వాట్సాప్ గ్రూపులో మీ పురుగు ఫొటో చూసి కనిగిరి నుంచి వచ్చాను."

"అంత దూరం నుంచి ఊరికే వచ్చారా?"

ఆయన సీసాలు ముందుకు జరిపాడు.

"వీటికి తేడా చెప్పండి."

ఆమె భర్త బుల్లయ్య కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. అవే మచ్చలు. అవే మీసాలు.

"కవలపిల్లల్లా ఉన్నాయే."

"ఒకటి పచ్చిమాను తొలుస్తుంది. రెండోది ఎండుకట్టెలోనే బతుకుతుంది. చదువుకున్నవాళ్లే తడబడతారు. నాకూ పురుగును చూస్తే తెలీదు, చెట్టును చూస్తే తెలుస్తుంది. మీ చెట్లకి రంధ్రాల్లేవు, చెక్కపొట్టు రాలట్లేదు. ఒక్క వారం ఆగండి. మొదళ్లకి దోమతెర చుట్టండి. లోపల పురుగుంటే తెరలోకే వస్తుంది."

"దోమతెరలు కూడా మీరే అమ్ముతారా?"

బుల్లయ్య నవ్వాడు. అలీ సాహెబ్ నవ్వలేదు.

"కొట్టాక మళ్లీ నిలబెట్టలేమమ్మా."

"తొమ్మిదేళ్లు బిందెలతో నీళ్లు మోశాను సాయిబు గారూ. చెట్టంటే ఏంటో మీరు నాకు చెప్పక్కర్లేదు."

ఆయన సీసాలు సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ ఒక చెట్టు మొదలు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"నటన కూడా వచ్చు," అంది వెంకటరావమ్మ.

శుక్రవారం, కాగితం మిల్లుల కోసం ఊరూరా సుబాబుల్ తోటలు కొట్టే నాగేంద్రబాబు రంపం మిషన్లతో, మనుషులతో దిగాడు. పొద్దువాలేసరికి నలభై చెట్లూ నేల మీదున్నాయి.

వెంకటరావమ్మ ప్రతి మొద్దూ వంగి చూసింది. ఎక్కడా ఒక్క రంధ్రం లేదు. కంచె పక్కన ఎప్పుడో విరిగిపడిన ఎండుకొమ్మ నిండా మాత్రం తొలిచిన దారులు. వాటిలో ఒక దాంట్లోంచి పొడుగు మీసాలు కదులుతున్నాయి.

ఆమె అక్కడే, మొద్దు మీద కూర్చుండిపోయింది.

"ఆ ముసలాయన చెప్తూనే ఉన్నాడు," అన్నాడు బుల్లయ్య.

"ఎవరండీ?" కొమ్మలు కోస్తున్న నాగేంద్రబాబు మిషన్ ఆపాడు.

"అలీ సాహెబ్ అంట, కనిగిరి. రెండు సీసాలేసుకుని వచ్చాడు. కంపెనీ మనిషనుకున్నాం."

నాగేంద్రబాబు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ గుడ్డను చేతిలో నలిపాడు.

"ఆయన రైతండీ. పోయినేడు ఇలాగే ఎవరో చెబితే, ఆయన తోటలో పురుగు లేని డెబ్బై చెట్లూ కొట్టింది నేనే."