మొదటి తూటా

బిక్షం క్వార్టరులోకి రాజం చెప్పులతోనే వచ్చాడు. గొడవకే వచ్చాడని బిక్షానికి అప్పుడే తెలిసిపోయింది.

గోదావరిఖనిలో రాజం స్టీలు సామాన్ల వ్యాపారి. గిన్నెను వేలితో కొట్టి, మోతను బట్టి ధర చెప్పగలడు. బిక్షం కొడుకు వీరేందర్‌ను మాత్రం కొట్టి చూడకుండానే ఒప్పుకున్నాడు. బొగ్గుబాయిలో పనిచేసే బిక్షం దగ్గు జబ్బుతో అన్‌ఫిట్ అయ్యాడు; ఆ నౌకరీ కొడుక్కు వస్తుంది. కంపెనీ నౌకరీ వచ్చే పిల్లగాడంటే ఈ బజారులో నిలవ ఉండని సరుకు. అందుకే తన బిడ్డ రమకు ఖాయం చేసుకుని, పూలుపండ్ల నిశ్చయం నాడే కొత్త మోటారుబండి పెట్టాడు. నీకు ఇష్టమేనా అని పిల్లగాణ్ణి ఎవరూ అడగలేదు.

ఇప్పుడేమో నౌకరీ ఆర్డరు చేతికొచ్చినా పిల్లగాడు బాయిలో దిగడట! అంతర్జాతీయ భద్రత, సంఘర్షణల మీద పీజీ చేశాడు కదా, అదే ఇంకా చదువుతాడట. మాట ఎక్కడ పుట్టిందో గానీ బజారంతా తిరిగింది.

“నిజమేనా పిలగా?”

“అందరు అంటున్నరు కద మామా,” అన్నాడు వీరేందర్.

“ఇంతకూ ఏం చదివినవ్ గా పీజీల?”

“దేశాల నడుమ ఒప్పందాలు ఎట్ల తెగుతయో చదివిన. యుద్ధంల ముందు తూటా ఎవడు పేల్చిండో లోకం గదే చూస్తది మామా. తప్పంత వాని మీదనే పడ్తది.”

రాజం పకపకా నవ్వాడు. “గల్లీల కుక్కల కొట్లాట ఆపరాదు, దేశాల కొట్లాట ఆపుతడట! ఒక్క చెంచా అమ్ముకోరాని చదువు!”

“కూసో బావా, చాయ్ తాగు,” అన్నాడు బిక్షం దగ్గుతూ.

“ఏం చాయ్? నీ దగ్గుకు వచ్చే నౌకరీని చూసి పిల్లనిస్తనన్న. నీ మొకం చూసి అనుకున్నవా?”

బిక్షం తల దించుకున్నాడు. వీరేందర్ తండ్రి వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగాడు.

“అయితే సంబంధం నువ్వే వద్దంటున్నవా మామా?”

“నేనే!”

“గదే మాట సదయ్య కాక ముంగట అను.”

పక్క క్వార్టరు నుంచి కులపెద్ద సదయ్య వచ్చాడు. ఖాయమైన సంబంధం మగపెళ్ళివారు తెంపితే, పుచ్చుకున్నదానికి రెట్టింపు కట్టాలి. ఆడపెళ్ళివారు తెంపితే, పెట్టింది వదులుకోవాలి. అదీ కట్టుబాటు. రాజం మనసులోనే తూకం వేశాడు. బండి పోతే పోయింది. పుచ్చు సరుకు ఎంత జల్ది వదిలితే అంత లాభం.

“రాజం, మల్ల ఆలోచించు. పిలగాడు వద్దనలేదు,” అన్నాడు సదయ్య.

“వీడు వద్దనేదేంది కాకా? నేనే వద్దంటున్న! వద్దు, వద్దు, వద్దు!”

సదయ్య చీపురు పుల్ల విరిచి ఇద్దరి నడుమ పడేశాడు. సంబంధం తెగింది.

“పో అల్లుడా, పోయి దేశాలను కలుపు!” అని వెక్కిరించి, ఇంత చదివినా ఎదుటివాడి చేత తిట్లు తినడం తప్ప ఏమీ రాని మొద్దు అనుకుంటూ, గెలిచినవాడిలా వెళ్ళిపోయాడు రాజం.

మర్నాడు పొద్దున అతను దుకాణం షట్టరు లేపుతుంటే, నెత్తిన బాయి హెల్మెట్టు, భుజాన టిఫిన్ డబ్బాతో వీరేందర్ ఆ కొత్త బండి మీదనే మొదటి షిఫ్టుకు పోతూ, “నమస్తే మామా!” అన్నాడు.